తుంటి ఆపరేషన్: కోత ఎంత పొడవని అడిగేవాళ్లకి

తుంటి కీలు మార్పిడికి ముందు నా దగ్గరికి వచ్చేవాళ్లు మొదట అడిగేది, "మేడమ్, చిన్న కోతతో చేస్తారటగా?" అని. ఫిజియోథెరపిస్టుగా ఆపరేషన్ తర్వాత వాళ్లని లేపి నడిపించేది నేనే. చర్మం మీద గీత పొడవుతో నాకు పెద్దగా పని లేదు. లోపల ఏ కండరాన్ని కోశారు, దేన్ని పక్కకి జరిపారు, అదీ నాకు కావాల్సింది.

తుంటి వెనకనుంచి కోసి చేసేటప్పుడు పిరుదు కండరాన్ని విడదీసి, దాని కిందున్న, తొడను బయటికి తిప్పే చిన్న కండరాలను ఎముక దగ్గర తెంపి, కొత్త కీలు పెట్టాక మళ్లీ కుడతారు. పైన కోత 10 సెంటీమీటర్ల లోపే ఉన్నా లోపల జరిగేది దాదాపు ఇదే. ఆ కండరాలు అతుక్కునేదాకా కొత్త కీలులోని బంతి, అది కూర్చునే గిన్నెలోంచి వెనక్కి జారే భయం ఉంటుంది. పొట్టి పీట మీద కూర్చోవద్దని, కాలు మీద కాలు వేయొద్దని మేం పోరేది అందుకే.

ముందునుంచి చేస్తే తొడ మీది రెండు కండరాల సందులోంచి వెళ్తారు, పెద్ద కండరాలు తెగవు. ఇదేం నిన్నటి కనిపెట్టుడు కాదు, 1947లోనే ఫ్రాన్సులో రాబర్ట్ జూడే అనే సర్జన్ ఈ దారిన చేశారు.

స్టెరాయిడ్ల వల్ల తుంటి బంతికి రక్తం అందక అరిగిపోయిన ఒక టైలరమ్మకి ఇలాగే చేశారు. మర్నాడే వాకర్ పట్టుకుని వరండా చివరిదాకా నడిచింది. తీరా మంచం ఎక్కబోతే కాలు లేవలేదు. పాదం కింద తువ్వాలు వేసి, రెండు చేతులతో లాక్కుని పైన పెట్టుకుంది. తొడ బయటివైపు అరచేతి మేర మొద్దుబారి, "చీర తగిలినా తెలీట్లేదండీ" అని ఏడ్చేసింది. ఆ దారిలోనే చర్మానికి స్పర్శ తెచ్చే నరం ఉంటుంది. చాలామందికి నెలల్లో తగ్గుతుంది. ఆ మాట ముందే చెప్పి ఉంటే ఆమె అంత బెదిరేది కాదు, నాకు అదే బాధ.

ముందునుంచి చేసినవాళ్లు మొదటి కొన్ని వారాలు చురుగ్గా తిరుగుతారు. ఏడాది తిరిగేసరికి ముందునుంచి చేసినవాళ్ల నడకా, వెనకనుంచి చేసినవాళ్ల నడకా ఇంచుమించు ఒకటే. పైగా ముందునుంచి చేసే పద్ధతి కొత్తగా నేర్చుకుంటున్న చేతుల్లో తొడ ఎముక చిట్లే ప్రమాదం ఎక్కువ. అందుకే డాక్టరుగారిని "మీ చెయ్యి బాగా అలవాటుపడిన దారి ఏది?" అని అడగమంటాను. ఆయన వెనకనుంచి అంటే నిశ్చింతగా ఒప్పుకోండి, ఆపరేషన్‌కి ముందే ఇంట్లో ఎత్తైన కమోడ్ సీటు పెట్టించండి.