ఎస్టీఎల్ ఒక్కటే ఇస్తే ఎలా?

త్రీడీ ప్రింటింగ్ కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి ఎస్టీఎల్ ఫైలు, అంటే అచ్చెయ్యాల్సిన వస్తువు ఆకారం ఉండే ఫైలు, దొరికితే పండగే. నాకూ అంతే ఉండేది. ఇప్పుడు మాత్రం ఎస్టీఎల్ ఒక్కటే పెట్టి చేతులు దులుపుకున్నవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. ఊరికే ఇచ్చినదానికి పేచీ ఏంటంటారా? చెప్తాను.

అమ్మ మిక్సీ నాబ్ విరిగింది. మోటారు బాగానే ఉంది. ఆ మోడల్ పార్టులు రావట్లేదని షాపుల్లో చెప్పేశారు, కొత్తది కొనుక్కోమని ఉచిత సలహా కూడా. అమ్మేమో కటింగ్ ప్లేర్‌తో స్పీడు తిప్పుతూ కొబ్బరి పచ్చడి కానిచ్చేస్తోంది. "ఇన్ని బొమ్మలు చేస్తావు, ఒక్క నాబ్ చెయ్యలేవురా?" అని దెప్పు వేరే.

నెట్‌లో అచ్చం అలాంటి నాబే దొరికింది. మా మిక్సీ షాఫ్టుని వెర్నియర్‌తో కొలిస్తే 6 మిల్లీమీటర్లు, ఒక పక్క చదునుగా కోసి ఉంది. ఫైల్లో రంధ్రం కూడా సరిగ్గా 6. లెక్క ప్రకారం పట్టాలి, కానీ ప్రింటయ్యాక పట్టదు. ప్లాస్టిక్ చల్లారేసరికి రంధ్రం కాస్త ముడుచుకుంటుంది, నా ప్రింటర్‌లో 6.2 పెడితేగానీ దూరదు. మార్చుదామంటే ఎస్టీఎల్‌లో ఉండేవి పైపొరని కప్పిన త్రికోణాలే. రంధ్రం వ్యాసం ఇంత అనే సంగతే అందులో ఉండదు. మొత్తంగా సైజు పెంచితే నాబ్ కూడా లావై మిక్సీ గాడిలో ఇరుక్కుంటుంది. ఇడ్లీ చేతిలో పెట్టి దోసె పోసుకోమన్నట్టుంది. పిండి ఇవ్వండి మహాప్రభో!

ఓపెన్‌స్కాడ్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో మొదటినుంచీ నేనే రాసుకున్నాను. అందులో బొమ్మ గీయక్కర్లేదు, కోడ్ రాస్తే చాలు. షాఫ్టు కొలత పైనే ఒక లైన్లో ఉంటుంది. మీది పావంగుళం షాఫ్టయితే ఆ ఒక్క అంకె మార్చుకుంటే సరి.

అసలు ఇంటి ప్రింటర్లు వచ్చిందే ఇలా సోర్సు, అంటే మార్చుకోడానికి వీలైన అసలు డిజైన్, అందరికీ ఇచ్చే పద్ధతిలో. 2005లో ఇంగ్లండ్‌లోని బాత్ యూనివర్సిటీలో ఏడ్రియన్ బోయర్ రెప్‌ర్యాప్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టారు. తన ప్లాస్టిక్ భాగాలని తనే అచ్చేసుకునే ప్రింటర్ చెయ్యాలని ఆయన పంతం. 2008లో ఆ ప్రాజెక్టు మొదటి ప్రింటర్ 'డార్విన్' ఇంకో డార్విన్‌కి కావలసిన ప్లాస్టిక్ ముక్కలు అచ్చేసింది కూడా. రాడ్లు, మోటార్లు, నట్లు మాత్రం బజార్లో కొనుక్కోవాల్సిందే. డిజైన్లన్నీ జీపీఎల్ లైసెన్సు కింద బయటపెట్టారు, అంటే ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, మార్చినది ఇతరులకి ఇస్తే దాని సోర్సు కూడా ఇవ్వాలి. తర్వాత వచ్చిన 'మెండెల్'ని 2010లో ప్రాగ్ కుర్రాడు యోసెఫ్ ప్రూషా బాగా సులువు చేశాడు. సోర్సు చేతిలో లేకపోతే అతను మాత్రం ఏం చేసేవాడు? నా బల్ల మీదున్న చవక చైనా ప్రింటర్ కూడా ఆ వంశానిదే.

నా నాబ్ కోడ్, ఎస్టీఎల్, వెర్నియర్ ఎక్కడ పెట్టి కొలవాలో చూపించే ఫొటో, అన్నీ పెట్టాను. ప్రింటర్‌లో వాడే ప్లాస్టిక్‌లలో పీఎల్ఏతో వద్దు, పెట్‌జీతో వెయ్యండి. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, మన వంటిళ్లలో మిక్సీ ఉండేదేమో పొయ్యి పక్కన. నారింజ రంగు అమ్మకి నచ్చలేదు, నా దగ్గరున్న ఫిలమెంట్ (ప్రింటర్‌కి వేసే ప్లాస్టిక్ తీగ) అదే మరి. లైసెన్సు జీపీఎల్. మీ మిక్సీకి తగ్గట్టు మార్చి ఎవరికైనా ఇస్తే, మార్చిన కోడ్ కూడా ఇవ్వండి.