ట్వీడ్ కోటు గుండీలు: రంగు తర్వాత, ముందు మందం చూడండి

తిరుపతి ఎండలకు ట్వీడ్ కోటు ఎవరికని అడక్కండి. చలిదేశాలకు చదువుకో ఉద్యోగానికో వెళ్లే పిల్లలకు ఇక్కడే కుట్టించి పంపేవాళ్లు ఉన్నారు. కోటు బాగానే కుదురుతుంది, పాడయ్యేది గుండీల దగ్గరే. మామూలు సూటుకు వేసే మెరుపు ప్లాస్టిక్ గుండీలే దీనికీ వేసేస్తారు.

ట్వీడ్ మెరవని బట్ట. గరుకు ఉన్ని. తరచి చూస్తే ఒక్క నూలుపోగులోనే రెండు మూడు రంగులుంటాయి. దానిమీద తళతళలాడే గుండీ అతికించినట్టు కనిపిస్తుంది. ఇత్తడి గుండీలు నేవీ బ్లూ బ్లేజరుకు అందం, ట్వీడ్‌కు వేస్తే బ్యాండుమేళం వేషమే.

నా ఓటు పాలిష్ తక్కువున్న గేదెకొమ్ము గుండీకి. అసలు కొమ్మయితే ఏ రెండింటి చారలూ ఒక్కలా ఉండవు. అన్నీ అచ్చు గుద్దినట్టుంటే ప్లాస్టిక్కని అనుమానించండి. కొమ్మూ తోలూ వద్దనుకునే ఇళ్లవాళ్లకు కొరోజో ఉంది. దక్షిణ అమెరికాలో ఒకరకం తాటిజాతి చెట్టు గింజను కోసి చేస్తారు, రంగు బాగా పడుతుంది. తోలు అల్లిన గుండీలు ట్వీడ్‌కు పాత సంప్రదాయమే గానీ, మన అక్టోబరు, నవంబరు వానల్లో బీరువాలో బూజు పడతాయి. పైగా బంతిలా ఉబ్బుగా ఉంటాయి, దాంతోనే అసలు చిక్కు.

కాజా పొడవంటే గుండీ వెడల్పు, దాని మందం కలిపి. ముందు భాగానికి 32 లైన్ గుండీ (లైన్ అంటే గుండీల సైజు కొలత), అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు. 4 మిల్లీమీటర్ల మందమున్న కొమ్ము గుండీకి 24 మిల్లీమీటర్ల కాజా సరి. ఉబ్బు తోలు గుండీకి అది చాలదు. పెద్దగా కోస్తే, తర్వాత పల్చటి గుండీ మార్చినప్పుడు దానంతటదే జారిపోతుంది. అందుకే గుండీ చేతికి వచ్చేదాకా కాజా కోయనివ్వకండి. ముక్కబట్ట రెండు పొరలు, మధ్యలో కోటు బిగువుకు లోపల వేసే కాన్వాస్ పెట్టి గాటు కోసి, గుండీ దూర్చి చూడమనండి. ట్వీడ్ నేత వదులు, కోసిన అంచు పోగులూడుతుంది. కోయకముందే గీత చుట్టూ సన్నకుట్టు వేయాలి.

చేతులకు 24 లైన్, అంటే 15 మిల్లీమీటర్లవి, చేతికి నాలుగేసి. మూడు గుండీల కోటుకు పెద్దవి 4, చిన్నవి 10 కొనండి. లోపలి జేబుకు ఒకటి పోగా సైజుకొకటి మిగులుతుంది.

రంగుకు అరచేయంత బట్టముక్క వెంట తీసుకెళ్లండి. గాంధీ రోడ్డు దుకాణాల్లో ట్యూబులైటు కింద నిర్ణయించకుండా, బయట వెలుతురులో నాలుగడుగుల దూరం నుంచి చూడండి. బట్టలోని ముదురు పోగుకు దగ్గర రంగే ఎంచుకోండి.

కుట్టేటప్పుడు గుండీకి మెడ కావాలి, అంటే గుండీకీ బట్టకీ మధ్య దారంతో కాస్త ఎత్తు. మైనం రాసిన జంట దారంతో, గుండీ మీద రెండు అగ్గిపుల్లలు పెట్టి వాటిమీదుగా కుట్టి, పుల్లలు లాగేసి, కింద దారం ఐదారు చుట్లు చుట్టాలి. మందపాటి ట్వీడ్‌కు ఒక్క పుల్ల ఎత్తు చాలదు. మెడ లేకపోతే గుండీ పెట్టగానే బట్ట ముడతపడి లాగుతుంది. చేతుల గుండీలు విప్పేవి కాకపోతే మెడ అక్కర్లేదు.

ఇస్త్రీ ఆవిరి తగిలితే కొమ్ము వంగుతుంది. డ్రైక్లీనింగుకు ఇచ్చేముందు తోలు గుండీలు విప్పి దాచుకోండి, కొమ్మువయితే అల్యూమినియం ఫాయిల్ చుట్టి ఇవ్వండి.