12 వేలు ఇచ్చి రాయించుకున్న లింక్డిన్ ప్రొఫైల్: నా అనుభవం

నిన్న సాయంత్రం ఆఫర్ లెటర్ వచ్చింది. ఐదు నెలల తర్వాత రాత్రి కంటినిండా నిద్రపోయాను. మా ఫీల్డులో నాలాగే ఉద్యోగం పోయి తిరుగుతున్నవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకోసం, అన్నీ గుర్తున్నప్పుడే రాసేస్తున్నాను.

నేను 14 ఏళ్లు జీడిమెట్లలో మందుల ముడిసరుకు తయారుచేసే ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో, నాణ్యత పరీక్షించే క్యూసీ ల్యాబ్‌లో పనిచేశాను. మందులో ఏమేం ఎంతెంత ఉన్నాయో విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద నా పని. ఇన్నేళ్లలో నేను సంతకం పెట్టిన రా డేటా (పరీక్షల అసలు రికార్డులు) మీద ఏ ఆడిటరూ లోపం ఉందని ఒక్క అబ్జర్వేషన్ రాయలేదు. ఈ మాట గర్వంగానే చెప్పుకుంటాను. తర్వాత కంపెనీ చేతులు మారింది, ల్యాబ్‌ని వేరేచోటికి తీసుకెళ్లారు, మాలో సగం మందికి లెక్క తేల్చి పంపేశారు.

మా దగ్గర ఉద్యోగాలు నోటిమాట మీదే దొరికేవి. బాలానగర్‌లో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ నడిచిన కాలంలో అక్కడ పనిచేశారంటే చాలు, వేరే పరిచయం అక్కర్లేదని మా పాత సార్లు చెప్పేవారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి గారు కూడా అంతకుముందు ఐడీపీఎల్‌లో చేసినవారే. ఆ నమ్మకంతో నేనూ తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాను. రెండు నెలలు గడిచాయి గానీ ఏమీ కదల్లేదు. అప్పుడు మా అక్క కొడుకు, "పిన్నీ, ఇప్పుడు హెచ్ఆర్ వాళ్లు ముందు లింక్డిన్‌లో, అదే ఉద్యోగాల సోషల్ మీడియా సైట్‌లో, వెతుకుతారు. నీకంటూ ఒక పర్సనల్ బ్రాండ్ ఉండాలి" అన్నాడు.

మొదటి పనులు తేలిగ్గానే అయ్యాయి. చింతల్‌లో స్టూడియోకి వెళ్లి ఫొటో తీయించుకున్నాను. ప్రొఫైల్ లింకు చివర ఉండే అంకెలు తీసేసి పేరు పెట్టుకున్నాను. డిజిలాకర్ ద్వారా ఆధార్‌తో వెరిఫికేషన్ కూడా డబ్బు ఖర్చు లేకుండా అయిపోయింది.

రాయడం దగ్గరే ఆగిపోయాను. పేరు కింద హెడ్‌లైన్‌కి 220 అక్షరాలు, అబౌట్‌కి 2,600 అక్షరాలు ఇస్తారు. నాలుగు రోజులు కూర్చున్నా ఒక్క వాక్యం రాలేదు. లాగ్‌బుక్ రాయమంటే నిద్రలో కూడా రాస్తాను, నా గురించి నేను రాసుకోవడం మాత్రం ఎప్పుడూ అలవాటు లేదు. అందుకే మాదాపూర్‌లో ఒక కన్సల్టెంట్ దగ్గరికి వెళ్లాను. 12,000 మొత్తం ముందే కట్టించుకున్నాడు. పాస్‌వర్డ్ కూడా తీసుకున్నాడు.

తర్వాత ఫోన్‌లో ఇరవై నిమిషాలు మాట్లాడాడు. "యూఎస్ ఎఫ్‌డీఏ ఆడిట్లు చూశారా మేడమ్?" అని అడిగాడు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ చేసే తనిఖీలవి. మూడు చూశాను, బ్యాక్‌రూమ్‌లో ఉన్నాను అన్నాను. బ్యాక్‌రూమ్ అంటే ఏమిటని అతను అడగలేదు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను: ఇన్వెస్టిగేటర్ ఫ్రంట్‌రూమ్‌లో కూర్చుని కాగితాలు అడుగుతుంటారు. వాటిని వెతికి, అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసి లోపలికి పంపేవాళ్లు బ్యాక్‌రూమ్‌లో ఉంటారు. అది చాలా బాధ్యత ఉన్న పని. కానీ ఇన్వెస్టిగేటర్‌కి ఎదురుగా కూర్చుని జవాబు చెప్పేది మేము కాదు.

అతను ఏం రాశాడంటే, మూడు ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్షన్లను ముందుండి నడిపి, ఒక్క 483 (తనిఖీలో దొరికిన లోపాలు రాసిచ్చే ఎఫ్‌డీఏ ఫారం) కూడా రాకుండా గట్టెక్కించానట. ఇది నిజం కాదు కదా అన్నాను. "అందరూ ఇలాగే రాస్తారు మేడమ్. మిమ్మల్ని మీరు తగ్గించుకుంటే జీతం కూడా తగ్గుతుంది" అన్నాడు. ఇంటి లోన్ గుర్తొచ్చి సరే అన్నాను. ఆ తప్పు నాదే.

పైగా ప్రొఫైల్‌లో ఉద్యోగ మార్పులు పరిచయస్తులకు తెలియజేసే సెట్టింగ్ ఆఫ్ చేయకుండానే అన్నీ మార్చాడు. రెండో రోజే మా పాత క్యూసీ హెడ్ సార్ నుంచి మెసేజ్ వచ్చింది. "ఆ మూడు ఆడిట్లు లీడ్ చేసింది నువ్వేనామ్మా?" అంతే రాశారు. నాకు చేతులు చల్లబడ్డాయి. వెంటనే మార్చేద్దామనుకున్నాను. అదే సాయంత్రం శామీర్‌పేట దగ్గరున్న జీనోమ్ వ్యాలీ నుంచి ఒక కంపెనీవాళ్లు ఇంటర్వ్యూకి పిలిచారు. ఆ ప్రొఫైల్ చూసే పిలిచారని తెలిసి, ఇంటర్వ్యూ అయ్యాక మారుద్దాంలే అని వదిలేశాను.

ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే సుచిత్ర నుంచి శామీర్‌పేట వైపు బయల్దేరాను. దారంతా మెథడ్ వాలిడేషన్ (పరీక్ష పద్ధతి సరైనదేనని నిరూపించడం) నోట్స్ చదువుకున్నాను. గదిలో ముగ్గురున్నారు. నాణ్యత విధానాలు చూసే క్యూఏ విభాగం హెడ్ మేడమ్ మొదలుపెట్టారు. "ఓపెనింగ్ మీటింగ్‌లో ఇన్వెస్టిగేటర్ మిమ్మల్ని మొదట ఏం అడిగారు?"

ఏదో ఒకటి అల్లి చెప్పొచ్చు. నాకు నోరు రాలేదు. "నేను ఆ గదిలో లేను మేడమ్" అన్నాను.

ఆవిడ ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి, "మరి ఇదేమిటి?" అన్నారు. నేను మాట్లాడలేదు. కాసేపాగి, "అల్‌కోవా అంటే చెప్పండి" అన్నారు. డేటా ఇంటెగ్రిటీలో, అంటే రికార్డులు నమ్మదగ్గట్టు ఉంచడంలో, మొదటి పాఠం అది. నేనే ఎంతమంది ఫ్రెషర్లకు నేర్పానో. ఎవరు చేశారో తెలియాలి, చదవగలిగేలా ఉండాలి, చేసినప్పుడే రాయాలి, అసలు రికార్డు అయి ఉండాలి, నిజం అయి ఉండాలి. ఐదూ చెప్పాను.

"మీ ప్రొఫైల్‌లో ఇందులో ఎన్ని ఉన్నాయి?" అన్నారు.

హెచ్‌పీఎల్‌సీ మీద ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. 14 ఏళ్ల పని నా చేతుల్లో ఉంది, అది చూపించే అవకాశమే రాకుండా బయటికి వచ్చాను. బస్‌స్టాప్‌లో కూర్చుని ఏడ్చాను. ఆవిడ మీద నాకు కోపం లేదు, ఆ స్థానంలో నేనున్నా అదే అడిగేదాన్ని. కన్సల్టెంట్ మీద మాత్రం ఇప్పటికీ ఉంది. డబ్బు తిరిగి ఇమ్మంటే, సర్వీస్ పూర్తయిపోయింది మేడమ్ అన్నాడు. దయచేసి ఎవరికీ పాస్‌వర్డ్ ఇవ్వకండి. ఇంగ్లిష్ దిద్దించుకోండి, అంతవరకే. మీ పని ఏమిటో అర్థం చేసుకునే ఓపిక లేనివాడు మీ గురించి ఏం రాస్తాడు?

మా ల్యాబ్‌లో తప్పు రాస్తే చెరపకూడదు, దాని మీద దిద్దకూడదు. పాతది కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, కారణం, సంతకం, తేదీ పెట్టాలి. ఆ రాత్రి అదే పద్ధతిలో క్యూఏ మేడమ్‌కి మెయిల్ పెట్టాను: ఏది తప్పు, ఏది నిజం, ఎందుకలా జరిగింది. జవాబు రాలేదు. పాత సార్‌కి కూడా రాశాను. "మంచిదమ్మా" అన్నారు. ఆ ఒక్క మాటతో గుండె బరువు దిగింది.

హెడ్‌లైన్ మళ్లీ నేనే రాసుకున్నాను: హెచ్‌పీఎల్‌సీ అనలిస్ట్, 14 ఏళ్లు, మెథడ్ వాలిడేషన్, మూడు ఎఫ్‌డీఏ ఆడిట్లలో బ్యాక్‌రూమ్. ఫొటో చుట్టూ ఉద్యోగం వెతుకుతున్నానని చెప్పే ఆకుపచ్చ రింగ్ పెట్టుకున్నాను. రిక్రూటర్లకు మాత్రమే కనబడేలా పెట్టుకునే వీలుంది, కొందరు అదే మర్యాద అంటారు. పని అడగడంలో సిగ్గేముంది?

తర్వాత లింక్డిన్‌లో వారానికొక పోస్టు రాయడం మొదలుపెట్టాను. ఫాస్ఫేట్ బఫర్ (ఉప్పు ద్రావణం) నడిపిన కాలమ్‌ని (హెచ్‌పీఎల్‌సీలో నమూనాని విడదీసే గొట్టం) నేరుగా అసిటోనైట్రైల్ అనే సాల్వెంట్‌తో కడిగితే లోపల ఉప్పు పేరుకుని ప్రెషర్ పెరుగుతుంది, ముందు బఫర్ లేని, నీళ్లు ఎక్కువగా ఉన్న మొబైల్ ఫేజ్‌తో (కాలమ్ గుండా పంపే ద్రవం) కడగాలి. బఫర్ పీహెచ్ సాల్వెంట్ కలపకముందే చూడాలి, ఎందుకంటే మీటర్‌ని క్యాలిబ్రేట్ చేసేది నీళ్ల బఫర్లతో. ఇలాంటివే రాశాను. పాత కంపెనీ క్రొమాటోగ్రామ్ (హెచ్‌పీఎల్‌సీ ఇచ్చే గ్రాఫు) గానీ, ప్రోడక్ట్ పేరు గానీ ఎక్కడా పెట్టలేదు. ఉద్యోగం పోయినంత మాత్రాన గోప్యత కాగితం మీద పెట్టిన సంతకం పోదు.

మొదటి రెండూ ఎవరూ పట్టించుకోలేదు. కాలమ్ కడగడం గురించి రాసినదాని కింద ఫ్రెషర్లు ప్రశ్నలు అడిగారు, అందరికీ జవాబు రాశాను. ఎనిమిదేళ్ల కిందట నాతో పనిచేసిన అబ్బాయి అది చూసి, బొల్లారంలో తను చేస్తున్న కంపెనీ మేనేజర్‌కి పంపాడు.

అక్కడ ఇంటర్వ్యూలో మేనేజర్ గారు అడిగిన మొదటి మాట, "బ్యాక్‌రూమ్ అని రాశారు, అక్కడేం చేసేవారో చెప్పండి." నలభై నిమిషాలు చెప్పాను. ఆయన నోట్స్ రాసుకున్నారు. జీతం పాతదానికంటే రెండు వేలు తక్కువ, ఒప్పుకున్నాను.

సోమవారం చేరుతున్నాను. ప్రొఫైల్‌లో కొత్త కంపెనీ పేరు ఇప్పుడే పెట్టెయ్ పిన్నీ అని మావాడు తొందరపెడుతున్నాడు. సోమవారం వెళ్లి, అటెండెన్స్ పడ్డాక పెడతాను.