జంతువుల పేర్లు మార్చి రాయమన్నారు

నిన్నటితో వైవా అయిపోయింది. కడుపుమంట ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను.

నేను శ్రీకాకుళంలో ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నాను. ఇది ఆఖరి సెమిస్టరు ప్రాజెక్టు సంగతి. మాది బారువ దగ్గర ఊరు, నాన్న చేపల వేటకెళ్తాడు. మా బ్యాచ్‌లో అందరూ రొయ్యల చెరువుల మీద చేస్తుంటే నేను నార్వే ఫియార్డుల్లో బతికే సీ ఎనిమోన్లు (పువ్వుల్లా కనిపించే సముద్ర జంతువులు), పగడాల వర్గీకరణ తీసుకున్నాను. పెద్ద ఆశయమేం లేదు. ల్యాబ్ ఖర్చుండదు, అచ్చయిన పేపర్లు చదివి రాస్తే చాలు. "అక్కడంతా మంచు కదమ్మా, పగడాలేటి?" అన్నాడు నాన్న. మా గైడు కూడా అదే అడిగారు, కాకపోతే ఇంగ్లీషులో.

టైటిల్ రెండు రోజుల్లో ఓకే అయింది. రాయడానికి మూడు నెలలు పట్టింది, ఆ మూడు నెలలూ హాయిగా గడిచాయి. మంచునదులు కొండల్ని తొలిచిన లోయల్లోకి సముద్రం చొరబడితే అది ఫియార్డు. అక్కడి పగడాలకు ఎండ అక్కర్లేదు. మన లక్షద్వీప్ పగడాల్లా ఒంట్లో నాచును పెంచుకోవు, నీళ్లలో కొట్టుకొచ్చే చిన్న జీవుల్ని పట్టి తింటాయి. మామూలుగా వందల మీటర్ల లోతున ఉండే ఈ పగడపు దిబ్బలు ట్రోండ్‌హైమ్ ఫియార్డులో టౌట్రా దగ్గర దాదాపు 40 మీటర్లకే కనిపిస్తాయి.

వీటిని విడదీయడం టెంటకిల్స్, అంటే నోటి చుట్టూ ఉండే తీగల్లాంటి చేతుల లెక్కతో మొదలవుతుంది. ఆరు లెక్కన ఉంటే సీ ఎనిమోన్లూ రాతి పగడాలూ ఒక గుంపు. సరిగ్గా ఎనిమిది ఉండి, ఈకల్లా చీలి ఉంటే మెత్తటి పగడాలూ, ఈక కలంలా నిలబడే సీ పెన్లూ ఇంకో గుంపు. అక్కడిదాకా తేలికే, గొడవంతా పేర్లతోనే. లిన్నేయస్ 1758లో మాడ్రెపోరా పెర్ట్యూసా అన్న పగడం తర్వాత లోఫీలియా అయింది, 2016లో డెస్మోఫిల్లమ్ పెర్ట్యూసమ్ అయింది. 2022లో ఎనిమిది గుంపును మొత్తం తిరగరాశారు, మా టెక్స్ట్‌బుక్కులో ఉన్న ఆల్సియోనేసియా అన్న ఆర్డరే (వర్గీకరణలో ఒక పెద్ద విభాగం) ఎగిరిపోయింది. అందుకని ప్రతి జాతికీ పాత పేరు, కొత్త పేరు, ఎవరు ఏ ఏడాది పెట్టారు అని పద్దెనిమిది పేజీల పట్టికలు వేశాను. నన్ను ముంచింది ఆ పట్టికలే.

రాసినదాంట్లో ఎంత శాతం వేరేచోట ఉన్నదానితో కలిసిందో చూపే ప్లేజియరిజం రిపోర్టు లైబ్రరీలో తీస్తారు. నేను వెళ్లేసరికి జూనియర్లు పుస్తకాలు రిటర్న్ చేయడానికి క్యూలో ఉన్నారు. రిపోర్టు తీసే ఆయన స్క్రీన్ చూసి అందరికీ వినపడేలా చదివాడు. "నలభై మూడు శాతం. మొత్తం నెట్‌లోంచి దించేశావా?"

తొంగి చూస్తే, ఈ జంతువులన్నీ చేరే ఫైలం నైడేరియా అన్న పేరు నుంచి కింది దాకా, కాపీ అని గుర్తుపెట్టిన రంగులే రంగులు.

"సార్, అవి జంతువుల పేర్లండి. ఎవరు రాసినా అలాగే రాయాలి."

"అయితే మార్చి రాయమ్మా."

"పేర్లనా సార్?"

"సొంత మాటల్లో రాయి."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నలభై దాటితే ఏడాది దాకా మళ్లీ ఇవ్వడానికి వీల్లేదు. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో సోంపేట బస్సు కళ్ల ముందే వెళ్లిపోయింది, నేను మాత్రం బెంచీ మీద చున్నీ అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. గైడుకి ఫోన్ చేస్తే "ఎలాగోలా పది లోపు తీసుకురా" అని పెట్టేశారు.

మర్నాడు నెట్ సెంటర్ కుర్రాడు మూడొందలు తీసుకుని ఏదో సాఫ్ట్‌వేర్‌లో వేసి మాటలు మార్చి ఇచ్చాడు. సీ పెన్స్ కాస్తా ఓషన్ బాల్‌పాయింట్స్ అయ్యాయి. చచ్చినవాడి వేళ్లలా ఉంటుందని డెడ్ మ్యాన్స్ ఫింగర్స్ అనే మెత్తటి పగడం ఒకటుంది. అది లేట్ జెంటిల్‌మన్స్ డిజిట్స్ అయింది. శాతం మాత్రం 19కి దిగింది. కుర్రాడు కాలరెగరేశాడు. ఒక్క నిమిషం ఇచ్చేద్దామనే అనిపించింది, అబద్ధం ఎందుకు.

ఆ రాత్రి ప్లేజియరిజం మీద యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) పెట్టిన 2018 నియమాలు నేనే దించుకుని చదివాను. రిఫరెన్సులు, విషయసూచిక, ముందుమాట, అందరూ వాడే సాధారణ పదాలు లెక్కలోంచి తీసేయాలని అందులో స్పష్టంగా ఉంది. వరుసగా పద్నాలుగు మాటల దాకా కలిసినా ఫర్వాలేదు. ఆయన అవేవీ తీయకుండానే రిపోర్టు లాగేశాడు! మా బ్యాచ్‌లో ఆ రూల్సు చదివింది నేనొక్కదాన్నే, చెప్పుకుంటే తప్పేంలేదు.

ప్రింట్ తీసి, ఎర్ర పెన్నుతో గీతలు కొట్టి పట్టుకెళ్లాను. "రూల్స్ నాకు చెప్తావా?" అన్నాడు. మొదటి రోజు సర్వర్ లేదు. రెండో రోజు లాగిన్ ఇంకొకరి దగ్గరుంది. మూడో రోజు భోజనానికి వెళ్లిన మనిషి నాలుగైనా రాలేదు. నాలుగో రోజు, శాస్త్రీయ నామాలు కాపీ కిందకి రావని గైడు చేత లెటర్ రాయించి సంతకం పెట్టించుకుని వెళ్తే, అవన్నీ లెక్కలోంచి తీసేయమని మౌస్‌తో నాలుగు టిక్కులు పెట్టాడు. అర నిమిషం పని. ఎనిమిది శాతం. ఈసారి గట్టిగా చదవలేదు.

మీకూ ఇలాంటిది వస్తే రిపోర్టు తీసేటప్పుడే పక్కన నిలబడి టిక్కులు పెట్టించుకోండి. సార్, సార్ అంటూ ఊరికే బతిమాలకండి, కాగితం చూపించండి. నెట్ సెంటర్‌కి మాత్రం వెళ్లొద్దు.

వైవా ఏడు నిమిషాలు. సీ ఎనిమోన్ మొక్కా జంతువా అని అడిగారు. ఎక్స్‌టర్నల్ సారు "లోఫీలియా అనాలి కదా?" అంటే 2016 సంగతి చెప్పాను. ఆయన పెన్ను తీసి రాసుకున్నారు.

ఇంటికొచ్చాక మా తమ్ముడు చూపించేదాకా నాకూ తెలీదు, బైండింగ్ వాడు అట్ట మీద బంగారు అక్షరాల్లో 'ఫియార్డ్స్' బదులు 'ఫీల్డ్స్' అని కొట్టాడు. నార్వే పొలాల్లో పగడాలన్నమాట. నాలుగు కాపీలూ అంతే. ఒకటి లైబ్రరీలో ఇచ్చేశాను. ఆయన అట్ట చూసి, స్టాంపు వేసి, బీరువాలో పెట్టి తాళం వేశాడు.