సొరంగానికి ఇటు వాన, అటు ఎండ

శ్రీలంకలో కాండీ నుంచి బదుళ్ల వెళ్లే రైలు దిగి మూడు రోజులైంది. ఆ సొరంగం మాత్రం ఇంకా కళ్లముందే ఉంది.

జూలై నెల. నానుఓయ దాటినా ముసురు వదల్లేదు. తేయాకు తోటలు పొగమంచులో మునిగిపోయాయి, కిటికీ అంచున నీటిబొట్లు ఒకదాని వెంట ఒకటి జారుతున్నాయి. దాదాపు 1,900 మీటర్ల ఎత్తున ఉన్న పట్టిపొలలో శాలువా కప్పుకుని వణికాను. ఆ దేశంలో అంతకంటే ఎత్తైన స్టేషను లేదు. అక్కడి నుంచి కాసేపటికే సొరంగం. చీకటి. బయటికి వచ్చేసరికి ఎండ! నీలాకాశం, ఆరిన గడ్డి వాలు, దూరంగా వరుసలు వరుసలుగా ఊవా కొండలు.

మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులు పడమటి వాలు ఎక్కుతూ చల్లబడి, తేమంతా అక్కడే కురిపిస్తాయి. ఇటు దిగేసరికి పొడిబారి వేడెక్కుతాయి. మా అనంతపురానికి పడమటి కనుమలు చేసేదీ అదే. వర్షచ్ఛాయ అని బడిలో బట్టీ పట్టిన మాటను ఒక్క సొరంగం పొడవులో చూసి ఒళ్లు పులకరించింది.

శాలువా మడత పెడుతుంటే ఎదురుగా కూర్చున్న తమిళ పెద్దావిడ నవ్వింది. “డిసెంబరులో రా అమ్మా, అప్పుడు వాన మా వైపు” అంది.