ఫార్ ఇన్‌ఫ్రారెడ్ లేజర్ మీద ఎమ్మెస్సీ సెమినార్: నా అనుభవం

నల్గొండలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఫైనలియర్ చదువుతూ, స్పెక్ట్రోస్కోపీ సెమినార్‌కు ఆప్టికల్ పంపింగ్‌తో, అంటే ఇంకో లేజర్ కాంతిని గ్యాస్‌లోకి పంపి నడిపే ఫార్ ఇన్‌ఫ్రారెడ్ (బాగా పొడవు తరంగాల ఇన్‌ఫ్రారెడ్) గ్యాస్ లేజర్‌ను తీసుకున్నాను. స్లైడ్లు చేస్తానంటే మా గైడ్ సార్ ఆపారు. "ఇన్వర్షన్ ఏ రెండు లెవెల్స్ మధ్యల వస్తదో ముందు బోర్డు మీద గీసి చూపియమ్మా" అన్నారు.

ఆ బొమ్మ కోసమే మిథనాల్ ఒక్కదాన్నే పట్టుకున్నాను. దాన్ని పంప్ చేసే కార్బన్ డయాక్సైడ్ లేజర్‌లో 9పీ(36) అనే గీత, అంటే ఒక నిర్దిష్ట తరంగదైర్ఘ్యం ఉంది, సుమారు 9.7 మైక్రాన్లు. మిథనాల్ పీల్చుకునే గీతల్లో ఒకటి దాదాపు అక్కడే పడుతుంది. సంబంధం లేని రెండు అణువులకు అలా కుదరడం కేవలం యాదృచ్ఛికం. ఈ సబ్జెక్టు మీద నాకు ప్రేమ పుట్టింది అక్కడే. ఆ కాంతికి మిథనాల్ పై వైబ్రేషన్ (కంపన) స్థాయికి ఎక్కుతుంది గానీ, అక్కడున్న బోలెడన్ని రొటేషన్ (భ్రమణ) లెవెల్స్‌లో నిండేది ఒక్కటే. దాని కింది లెవెల్ దాదాపు ఖాళీ. ఇన్వర్షన్ అంటే అదే. ఆ మెట్టు దిగేటప్పుడు 118.8 మైక్రాన్ల కిరణం వస్తుంది, అంటే 2.52 టెరాహెర్ట్జ్. 1970లో చాంగ్, బ్రిడ్జెస్ ఈ పద్ధతిలోనే మిథైల్ ఫ్లోరైడ్ నుంచి 496 మైక్రాన్లు రాబట్టారు.

పవర్ లెక్క చిన్నదే. మింగిన ఒక్కో పంపు ఫోటాన్‌కు మహా అయితే ఒక్క ఫార్ ఇన్‌ఫ్రారెడ్ ఫోటాన్ వస్తుంది, తరంగం ఎంత పొడవైతే ఫోటాన్ శక్తి అంత తక్కువ. అందుకే 9.7ని 118.8తో భాగిస్తే పంపు పవర్‌లో 8 శాతం. రెండు లెవెల్స్ సమానమయ్యాక లేజింగ్ ఆగుతుంది కాబట్టి అందులో సగం, 4 శాతం. ఎంత బాగా కట్టినా అంతకు మించి రాదు.

సెమినార్ రోజు ఒక జూనియర్ లేచి, "గ్యాస్ ఎక్కువ నింపితే పవర్ పెరగదా అక్కా?" అని అడిగాడు. ట్యూబులో పీడనం వాతావరణ పీడనంలో కొన్ని వేల వంతుల్లో ఒక వంతే. పెంచితే అణువులు ఒకదాన్నొకటి గుద్దుకుని రొటేషన్ లెవెల్స్ అన్నింట్లోకీ సర్దుకుంటాయి, ఇన్వర్షన్ పోతుంది. ఇంకోటి, కిరణం ఇచ్చేసిన అణువు ఇంకా పై వైబ్రేషన్ స్థాయిలోనే ఉంటుంది. అది కిందికి రావాలంటే ఎక్కువగా ట్యూబు గోడను తాకాల్సిందే. వడ్లు కొనే ఐకేపీ సెంటర్‌లో కాంటా అయిన బస్తాలు లారీ ఎక్కితేనే గదా తర్వాతి కుప్పకు జాగా దొరికేది, ఇదీ అంతే అన్నాను. వెనక బెంచీల్లో అందరూ రైతుల పిల్లలే, తలలూపారు. ట్యూబు మరీ వెడల్పు చేస్తే గోడ దూరమవుతుందని వాడే అన్నాడు.

సార్ అడిగింది ఒక్కటే, కిరణం బయటికొచ్చే ట్యూబు కిటికీకి ఏం వాడతారని. మామూలు గాజు ఈ కిరణాన్ని మింగేస్తుంది, క్రిస్టల్ క్వార్ట్జ్ గానీ పాలిథిన్ గానీ పెట్టాలని చెప్పాను. గాలిలోని నీటి ఆవిరి కూడా మింగుతుంది కాబట్టి కిరణం నడిచే దారిని పొడి నైట్రోజన్‌తో నింపుతారని కలిపాను. "సరే, ఇగ స్లైడ్లు చూపియ్" అన్నారు.