సర్పి, సర్జరీ, పద్నాలుగో నంబరు

మంగళవారం, రాత్రి పదిన్నర

పొద్దున్న ఎనిమిదికి రెండు నిమిషాల ముందే ఫోన్ పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాను. ఇంగ్లండ్ వచ్చిన ఆరేళ్ళలో అబ్బిన విద్యల్లో ఇదొకటి. మా జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టరుగారి, సర్జరీలో ఫోన్ లైన్లు ఎనిమిదికి తెరుస్తారు. చటుక్కున నొక్కితే క్యూలో నాలుగో ఐదో నంబరు పడుతుంది, ఒక్క నిమిషం ఆలస్యమైతే ఇరవై దాటుతుంది. ఇవాళ నాది పద్నాలుగు. ఆ పిల్లనగ్రోవి లాంటి సంగీతం ఇరవై ఏడు నిమిషాలు విన్నాను. మధ్యలో దోశ పెనం మీద మాడింది.

అసలు సంగతి ఆదివారం మొదలైంది. స్నానం చేస్తుంటే కుడివైపు, నడుముకి కాస్త పైన, వీపు నుంచి పొట్ట మీదికి పట్టీ కట్టినట్టు పొక్కులు కనిపించాయి. రెండు రోజుల ముందు నుంచే అక్కడ చురుక్కుమంటుంటే, కుర్చీలో వంకరగా కూర్చోవడం వల్లేమో అనుకున్నాను. ఫర్వాలేదులే అని నిన్న ఆఫీసుకి కూడా వెళ్ళొచ్చాను. ఇంటికొచ్చి ఏడింటికి సర్జరీ ఆన్‌లైన్ ఫారం తెరిస్తే, మూసేశాం, రేపు రండి అంది. 2025 అక్టోబరు నుంచి ఇంగ్లండ్‌లో సర్జరీలన్నీ ఈ ఫారాన్ని పని రోజుల్లో పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం ఆరున్నర దాకా తెరిచే ఉంచాలని రూలు పెట్టారు. నాకు తీరిక దొరికింది మాత్రం ఏడింటికి.

రాత్రి అమ్మకి వీడియో కాల్‌లో చూపించాను. కళ్ళజోడు పైకి తోసుకుని ఒక్క క్షణం చూసి, "ఏమే, ఇది సర్పి" అంది. వాళ్ళమ్మకి కూడా వచ్చిందట, ఎర్రమన్ను పూసేవారట. "ఆ పక్కకి పాకకుండా చూసుకో, తలా తోకా కలిస్తే ప్రమాదం" అని బెదిరించింది. నేను మామూలుగా "రేపు సర్జరీకి వెళ్తాలే అమ్మా" అన్నాను. అంతే, ఫోన్‌లో గగ్గోలు. "సర్జరీ ఏంటే? ఆపరేషన్ దేనికి?" ఇక్కడ డాక్టరుగారు కూర్చునే చోటునే సర్జరీ అంటారనీ, అక్కడ కత్తీ కటారూ ఏమీ ఉండవనీ నచ్చజెప్పేసరికి పది నిమిషాలు పట్టింది. ఆ పేరు ఎందుకు పెట్టుకున్నారో గానీ ఆరేళ్ళైనా నాకూ వినగానే ఓసారి గుండె జల్లుమంటుంది.

ఎనిమిదిన్నర కాబోతుండగా రిసెప్షనిస్టు లైన్లోకి వచ్చింది. "ఏమిటి సమస్య?" మొదట్లో ఈ ప్రశ్నకి నాకు ఒళ్ళు మండేది. డాక్టరుకి చెప్పుకోవాల్సింది ఈవిడకెందుకని "పర్సనల్" అనేసి ఊరుకునేదాన్ని. పర్యవసానం, వారం తర్వాత అపాయింట్‌మెంటు. ఎవరిని డాక్టరు దగ్గరికి పంపాలి, ఎవరిని నర్సు దగ్గరికి, ఎవరిని ఫిజియో దగ్గరికి అని తేల్చడమే ఆవిడ పని అనీ, అందుకు ట్రైనింగ్ కూడా ఉంటుందనీ తర్వాత తెలిసింది. మనం ఎంత దాస్తే అంత వెనక్కి పోతాం.

అయినా చెప్పడం తేలికేం కాదు. నొప్పి ఎలా ఉందని అడిగింది. నా నోట్లో మాటలు తెలుగులో వరస కట్టాయి. సలుపు కాదు. పోటు కాదు. పీకడం లేదు, లాగడం లేదు. తీపులు అసలే కావు. లోపల మంట, పైన బట్ట తగిలితే జివ్వుమనడం. ఇన్ని మాటలుండీ చివరికి "బర్నింగ్" అన్న ఒక్క ముక్క దొరికింది. అది సరిపోలేదనిపించి, చొక్కా తగిలినా ఓర్చుకోలేకపోతున్నానని కలిపాను. ఆ మాటతో ఆవిడ గొంతు మారింది. ఒక పక్కనేనా? పొక్కులు ఎప్పుడొచ్చాయి? ముఖం మీద, కంటి దగ్గర ఏమైనా ఉన్నాయా? నేను తడబడుతున్నానని కాబోలు, ఇంటర్‌ప్రెటర్ కావాలా అని కూడా అడిగింది. వద్దన్నాను. డబ్బేమీ తీసుకోరు, అపాయింట్‌మెంటు అప్పుడు ఫోన్లోనే తెలుగు మనిషిని కలుపుతారు. రిజిస్ట్రేషన్ ఫారంలో భాష దగ్గర నేను ఇంగ్లిష్ అని ఎందుకు రాశానో మరి. బడాయి.

"మీకు డాక్టరు అక్కర్లేదు, ఫార్మసీకి పంపుతున్నాను, ఇవాళే వెళ్ళండి" అంది. మా ఆయన పక్కనే టీ తాగుతూ వింటున్నారు. "వీసాకి ఒక్కొక్కళ్ళం ఏడాదికి 1,035 పౌండ్లు హెల్త్ సర్‌చార్జ్ కట్టింది మందుల షాపుకి వెళ్ళడానికా?" అన్నారు. నిజం చెప్పొద్దూ, నాకూ అదే అనిపించింది.

మందుల షాపు కౌంటరు వెనక చిన్న గది ఉంటుందని ఇవాళే తెలిసింది. రెండు కుర్చీలు, ఒక కంప్యూటరు. ఫార్మసిస్టు కుర్రాడిలా ఉన్నాడు గానీ, మా ఊళ్ళో ఏ డాక్టరూ నన్ను అన్ని ప్రశ్నలు అడగలేదు. కిడ్నీ జబ్బుందా, గర్భమా, ఇమ్యూనిటీ తగ్గించే మందులేమైనా వాడుతున్నానా, ఏ మందైనా పడదా. పొక్కులు చూశాడు. చిన్నప్పుడు చికెన్‌పాక్స్ వచ్చిందా అన్నాడు. రెండో తరగతిలో అమ్మవారు పోసింది, వేపాకుల మీద పడుకోబెట్టారు. ఆ అమ్మవారు పూర్తిగా వెళ్ళలేదట. ఆ వైరస్ వెన్ను దగ్గరి నరంలో ఇన్నేళ్ళూ నిద్రపోయి ఇప్పుడు లేచిందట. ఆ నరం ఎంతమేర ఉందో అంతమేరే పొక్కులు, అందుకే ఒక పక్కనే. తలా తోకా కలవడం సంగతి అడిగాను. నవ్వలేదు, పాపం. రెండు వైపులా రావడం చాలా అరుదనీ, కంటి దగ్గర వస్తేనే పరుగెత్తాలనీ చెప్పాడు.

ఆదివారం పొద్దున్న కనిపించాయంటే వేళ్ళతో లెక్కేశాడు. పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితే ఈ మందు బాగా పనిచేస్తుందట. "ఇంకా టైముంది. కానీ నిన్న సాయంత్రమే నేరుగా ఇక్కడికి వచ్చేయాల్సింది" అన్నాడు. సర్జరీ పంపనక్కర్లేదట. 2024 జనవరి ఆఖరు నుంచి ఫార్మసీ ఫస్ట్ అని ఒక పథకం నడుస్తోంది. సర్పి, గొంతునొప్పి, సైనస్, పిల్లల చెవిపోటు, పురుగు కుట్టి చీము పట్టడం, ఇంపెటిగో అనే చర్మం మీది పుండ్లు, ఆడవాళ్ళకి మూత్రంలో మంట, ఈ ఏడింటికీ అవసరమైతే వాళ్ళే మందిస్తారు. మరి నిన్న రాత్రంతా బోర్లా పడుకుని ఎనిమిది ఎప్పుడవుతుందా అని ఎదురుచూసిందెందుకు? ఆ షాపు ముందు నుంచే నేను నిన్న ఇంటికి నడిచొచ్చాను. అప్పటికింకా లైట్లు వెలుగుతున్నాయి.

అసైక్లోవిర్ 800 మిల్లీగ్రాములు, రోజుకి ఐదు, ఏడు రోజులు. ముప్ఫై ఐదు మాత్రలు, 9 పౌండ్ల 90 పెన్నీలు. మా సర్జరీకి తనే కబురు పంపుతానన్నాడు. పొక్కులు పెచ్చు కట్టేదాకా గర్భిణులకి దూరంగా ఉండమన్నప్పుడు మాత్రం గుండె ఆగినంత పనైంది. ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయికి ఏడో నెల. షాపు బయట నిలబడే మెసేజ్ పెట్టాను. తనకి చిన్నప్పుడే చికెన్‌పాక్స్ వచ్చిపోయిందట, అయినా మిడ్‌వైఫ్‌కి ఫోన్ చేసి కనుక్కుంటానంది. సాయంత్రం దాకా ఆ టెన్షన్ పోలేదు. ఐదున్నరకి "భయం లేదన్నారు" అని రాసింది.

మొదటి మాత్ర పదకొండింటికి వేసుకున్నాను కాబట్టి మూడు, ఏడు, మళ్ళీ పదకొండు. రేపటి నుంచి పొద్దున్న ఏడుకి కూడా. అన్నిటికీ అలారాలు పెట్టాను. ఇందాక అమ్మకి మాత్రల డబ్బా చూపిస్తే, "ఇంతేనా, కోత లేదుగా?" అని మళ్ళీ అడిగింది. లేదమ్మా అన్నాను. కాసేపాగి, "పోనీ కాస్త ఎర్రమన్నైనా దొరుకుతుందేమో చూడు" అంది.

అలారం మోగుతోంది.